మెట్ల మామ్మ చూసిన సినిమా

ఇంటి ఓనరు బాబుకి,

నా పేరు చెప్తే ఎవరికీ తెలియదు, పొద్దస్తమానం మెట్ల పక్క గుమ్మంలోనే కూర్చుంటాను కాబట్టి మెట్ల మామ్మ అంటే వీధంతటికీ తెలుసు. వయసు డెబ్బై ఆరు. నీ మేడ పై వాటాలో నేనూ, మనవరాలూ ఉంటాం. నాకు చదువు రాదు. చెప్తున్నది నేను, రాస్తున్నది అది.

కింది వాటా కుట్టుపని అమ్మాయి ఇంటికి ఎవడో మగాడు వస్తున్నాడని నీకు చాడీ మోసింది నేనే. వాడు వచ్చినప్పుడల్లా తలుపు వెనక బొగ్గుతో గీత గీసి, పదకొండు గీతలు నీకు చూపించాను. నువ్వు వాళ్లని నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నావు.

మొన్న మనవరాలు నన్నొక పరాయిదేశం సినిమాకి తీసుకెళ్లింది. బోలెడు బహుమతులొచ్చిన సినిమాట. అందులో సర్కారు ప్రతి మేడకీ ఒక మనిషిని పెట్టి, ఎవరొచ్చారు, ఎవరు నవ్వారు అని కూపీ లాగిస్తుంది. ఆ పని చేసే ముసలిదాన్ని చూసి హాలంతా ఛీ కొట్టింది, అందరికంటే గట్టిగా నేను. "అమ్మమ్మా, అచ్చం నీలాగే తలుపు సందులోంచి చూస్తోంది" అంది మనవరాలు. ఆవిడకైనా సర్కారు జీతమిచ్చింది, నేను ఊరికే చేశాను.

ఇంటికొచ్చి ఆ అమ్మాయినే అడిగాను. వచ్చేది మంచాన ఉన్న వాళ్ల నాన్నకి సూది వేసే కాంపౌండరట. "ముందే అడిగితే చెప్పేదాన్ని కదా మామ్మా" అంది. గీతలు గీసే హడావుడిలో అడగాలని నాకు తోచనే లేదు.

నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. వాళ్లని ఖాళీ చేయించకు. ఆ సినిమా నువ్వూ తప్పకుండా చూడు. ఆ ముసలిది చెప్పిందానికల్లా తలూపే ఆఫీసరొకడున్నాడు.

ఇదీ నా వేలిముద్ర.

సాక్షులు: రాసిన మనవరాలు, కింది వాటా అమ్మాయి. చదివి వినిపిస్తే చాలదని, కాగితం లాక్కుని రెండుసార్లు తనే చదువుకున్నాక ఆ అమ్మాయి సంతకం పెట్టింది. నా మీద ఆ మాత్రం నిఘా ఉండాలి.