టోకెను ముప్పై నాలుగు: మా మేస్త్రి మరణం విషయమై

పశువైద్యశాల ప్రధాన వైద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కడుపు ఉబ్బి ప్రాణాపాయంలో ఉన్న కుక్కను గంటా పది నిమిషాలు వరుసలో నిలిపి ఉంచుట వలన అది మరణించుట, ఇకపై గేటు వద్దనే అపాయమును గుర్తించు ఏర్పాటు కోరుట గురించి.

నేను రంపపు మిల్లు వాచ్‌మన్ కొడుకును. ప్రెస్సులో కరపత్రాలు మడతపెట్టడం నా పని. మడతపెట్టే ప్రతి కాగితమూ చదువుతాను. కుక్కలలో ప్రాణాపాయ లక్షణాలను గురించి తమ శాఖ వేయించిన కరపత్రాన్నీ నేనే మడతపెట్టాను. కావున ఈ విషయంలో నాకు తెలియక జరిగినది ఏమీ లేదని మొదటనే మనవి చేసుకుంటున్నాను.

1. మరణించిన కుక్క పేరు మేస్త్రి. మిల్లులో కూలీల వెంట తిరుగుతూ ఎవరు పని ఎగ్గొడుతున్నారో కనిపెడుతున్నట్టు చూసేది గనుక ఆ పేరు. ముప్పై ఏళ్ల రంపం మోతకు మా నాన్న చెవులు పోయాయి. వెనక నుంచి లారీ వస్తే మేస్త్రి ఆయన చొక్కా అంచు పట్టి పక్కకు లాగేది. తమ రిజిస్టరులో అది "కుక్క, మగ, నాటు". మా ఇంట్లో అది నాన్న చెవులు.

2. గత మంగళవారం ఉదయం తిండి తిన్న గంటకు దాని కడుపు ఉబ్బింది. కూర్చోలేదు, పడుకోలేదు. గోడ వెంబడి తిరుగుతూ కక్కబోయేది, నురగ తప్ప ఏమీ వచ్చేది కాదు. వేలితో తడితే పొట్ట డప్పులా మోగింది. నాన్న తేలిగ్గా తీసుకున్నాడు.

"అజీర్ణం రా. ఓ పూట పస్తుంచితే అదే సర్దుకుంటుంది. నీకు ప్రతిదీ విప్లవమే!"

నేను దాని పెదవి ఎత్తి చూశాను. చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలని తమ కరపత్రంలో ఉంది. అయిదు లెక్కపెట్టినా రాలేదు. కడుపు లోపల మెలి పడిందని నాకు అర్థమైంది. పలకలు మోసే తోపుడు బండి మీద పడుకోబెట్టి పరుగున తమ ఆసుపత్రికి తెచ్చాను.

3. నాకిచ్చిన టోకెను ముప్పై నాలుగు. అప్పటికి లోపల నడుస్తున్నది పంతొమ్మిది. నా ముందు గోళ్లు కత్తిరించుకోవడానికి వచ్చిన చిలక ఉంది, టీకా కోసం వచ్చిన మేకలు ఉన్నాయి. టోకెన్ల గుమాస్తాకు చేతులెత్తి దణ్ణం పెట్టాను.

"చచ్చిపోతోందన్నా, ఒక్కసారి లేచొచ్చి చూడు."

"అందరివీ చచ్చేవే తమ్ముడూ. గోడ మీద నోటీసు చదువు. నిన్న మున్సిపల్ మెంబరు కుక్కనే నిలబెట్టా."

మేకలావిడ మాత్రం జాలిపడింది. "నా ముందు వెళ్లు నాయనా" అంది. గుమాస్తా ఒప్పుకోలేదు. టోకెన్లు మార్చుకోవడం కూడా నిషేధమట.

4. ముప్పై ఒకటి పిలిచేటప్పటికి మేస్త్రి కాళ్లు చాచేసింది. అప్పుడు డాక్టరమ్మ తనంతట తానే బయటికి పరుగెత్తుకొచ్చి, పొట్ట తడిమి, "గంట ముందు తేవలసింది కదయ్యా!" అంది. గంట ముందు నేను ఆవిడ తలుపుకు పది అడుగుల దూరంలో ఉన్నాను.

5. సదరు నోటీసులోని వాక్యం ఇది: "ఎవరైననూ, ఎంతటివారైననూ, ఏ కారణము చేతనైననూ వరుస తప్పరాదు." ఈ వాక్యం రాసిన మూర్ఖుడిపై చర్య తీసుకోవాలని రాయబోయాను. అయ్యా, అది నా వాక్యం. కారుల్లో వచ్చే పెద్దమనుషుల కుక్కలు వరుస దాటి లోపలికి పోతున్నాయని మూడు నెలల కింద తమకు అర్జీ పెట్టినది నేనే. "ఏ కారణము చేతనైననూ" అన్న ముక్క మొదట లేదు. ఊపు చాలలేదని తర్వాత ఇరికించాను. తమరు అక్షరం మార్చకుండా అంటించారు. ఆ రోజు ప్రెస్సులో అందరికీ టీ తాగించాను.

కావున కోరునదేమనగా: వరుస ఎత్తివేయవద్దు. ఎత్తివేస్తే మళ్లీ కార్లే ముందుకు పోతాయి. టోకెను చేతిలో పెట్టేముందు చూడటం తెలిసిన ఒక మనిషిని గేటు వద్ద ఉంచండి. పొట్ట తట్టి, చిగుళ్లు నొక్కి, ఊపిరి చూడటానికి అర నిమిషం చాలు. అపాయంలో ఉన్నది ఎవరిదైనా సరే, ముందు లోపలికి పంపండి. నోటీసులో నా మూడు మాటలు కొట్టివేయండి. గుమాస్తాను శిక్షించవద్దు, అతడు నమ్మింది నా వాక్యాన్నే.

ఇది ఆలస్యమైన అర్జీయే అయినా చిత్తగించవలెను.

తన రూలుకు తానే లోబడిన,
తమ విధేయుడు,
వాచ్‌మన్ కొడుకు

తా.క.: నిన్న మిల్లులో లారీ వెనక్కి వస్తుంటే కూలీలు నాన్నను రెక్క పట్టి లాగారు. ఆయన లారీని చూడలేదు, తన కాళ్ల దగ్గర చూసుకున్నాడు. సాయంత్రం నాతో, "ఆ రూలు పెట్టినోడు ఎప్పుడూ కుక్కను పెంచి ఉండడ్రా. పాపం, తెలీక పెట్టుంటాడు" అన్నాడు. నేను తలూపాను.

నేను ప్రెస్సులో ఉండగా ఇంటికొచ్చే ఉత్తరాలు ఆయన పక్కింటి వాళ్ల చేత చదివించుకుంటాడు. వాళ్లు ఆయన చెవిలో అరిస్తే వీధంతా వింటుంది. అందుచేత తమ జవాబులో నా పాత అర్జీ ప్రస్తావన తేవద్దని మనవి.

ఆ మనవి వద్దు. ప్రస్తావన తెండి. ఆ ఉత్తరం నేనే ఆయన చెవిలో అరిచి చదువుతాను.