అంచు ముక్క

ప్రియమైన అమ్మకు,

దేవుని కృప మీద భారం వేసి నీ పెద్దకొడుకు వినయంతో చేసుకుంటున్న వందనాలు. ఇక్కడ నేను, నీ కోడలు, నీ మనవరాలు ఆరోగ్యంగానే ఉన్నాం. అక్కడ నువ్వు, అక్క, బావ కూడా అలాగే ఉన్నారని నీ పోయిన ఉత్తరంలో నన్ను తిట్టిన తిట్లలోని సత్తువను బట్టి నిర్ధారించుకున్నాను.

"ఫోన్లో అందరూ బాగున్నామనే అంటారు. ఉత్తరంలో అబద్ధం రాయాలంటే చెయ్యి నొప్పెడుతుంది" అన్న నీ సిద్ధాంతాన్ని మన్నించి, ఈసారి కూడా కాగితం మీదే విన్నవించుకుంటున్నాను. ఆ సిద్ధాంతంలో ఒక లోపం కనుగొనబడింది. దాని వివరం కింద వస్తుంది.

నువ్వు అడిగినవి నాలుగు ప్రశ్నలు. అడిగిన వరుసలోనే జవాబులు.

మొదటిది, వంటింటి కుళాయి. కారుతోంది. నగర నీటి సరఫరా కార్యాలయంలో ఫిర్యాదుల విభాగానికి అధికారినైన నా ఇంట్లోనే ఏడు నెలలుగా కుళాయి కారుతున్నదంటే, నేను స్వపక్షపాతం లేని ఉద్యోగినని లోకానికి తెలియాలి. నీ కోడలు మాటలతో పని జరగదని గ్రహించి మా కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపింది. అది నా బల్ల మీదికే వచ్చింది. "పరిశీలనలో ఉన్నది" అని సంతకం చేసి జవాబు పంపాను. ఆ జవాబును ఆమె దారంతో కుళాయికి కట్టింది. ఇప్పుడు నీళ్ళు దాని మీదుగా కారుతున్నాయి.

రెండోది, నీ మనవరాలి కళ్ళద్దాలు. వచ్చాయి. పెట్టుకోగానే ఇల్లంతా కలయజూసి, చివరికి నా మొహం దగ్గర ఆగి, "నాన్నా, నువ్వు రోజూ ఇలాగే ఉంటావా?" అని అడిగింది. కళ్ళద్దాల నాణ్యతపై నాకు ఎటువంటి ఫిర్యాదూ లేదు.

మూడోది తమ్ముడి సంగతి. "వాడితో మాట్లాడుతున్నావా? మాట్లాడితే నా పేరు ఎత్తకు. వాడి ఉత్తరాలు నేను తెరవడం లేదు, డ్రాయర్లో పడేస్తున్నాను" అని రాశావు. నాలుగోది నువ్వు ప్రతి ఉత్తరం చివరా అడిగేదే: "నీ హృదయం ఎలా ఉందిరా?" శనివారం మధ్యాహ్నాల్లో మన బేకరీలో పిండి పొంగుతుండగా నాన్న మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి అడిగే ప్రశ్న అది. జవాబు చెబితేగాని భోజనం పెట్టేవారు కాదు. అక్క గబగబా పాపాలు ఒప్పేసుకుని ముందు తినేది. తమ్ముడు చేయనివి కూడా ఒప్పుకునేవాడు. నేను మాత్రం "బాగానే ఉంది నాన్నా" అనేవాడిని. నాన్న పిండిని వేలితో నొక్కి, గుంట ఎంత మెల్లగా పైకి లేస్తుందో చూసి, తర్వాత నన్ను చూసేవారు. పిండి విషయంలో ఆయన ఎన్నడూ పొరబడలేదు.

మూడో ప్రశ్నకూ నాలుగో ప్రశ్నకూ జవాబు ఒకటే కావడం వల్ల వాటిని కలిపి రాస్తున్నాను. కొంచెం పొడుగు. కూర్చుని చదువు.

మన చర్చి సంఘానికి నేను కార్యదర్శినన్నది నీకు తెలిసిందే. నా విధులు రెండు. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర, ఆయన జ్ఞాపకంగా అందరూ తినే రొట్టె పళ్ళెం పట్టుకుని వరసవరసకీ అందించడం ఒకటి. ప్రార్థన మనవుల పెట్టెలో పడిన చీటీలను బుధవారం కూటంలో చదివి వినిపించడం రెండోది. చీటీలను ఉన్నవి ఉన్నట్టు చదవకూడదని నేనే ఒక నియమం పెట్టాను. ఎవరి గుట్టూ బయటపడకుండా, మర్యాదైన భాషలోకి మార్చి చదువుతాను. "మా ఆయన తాగొచ్చి గిన్నెలు విసురుతున్నాడు" అన్న మనవి నా చేతిలో పడితే "ఒక గృహములోని సామరస్యము నిమిత్తము" అవుతుంది. ఆ ఇంటామె ఒకసారి నన్ను ఆపి, "అయ్యా, గిన్నెల సంగతి దేవుడికి చేరిందంటారా?" అని అడిగింది.

రెండు నెలల కిందట పెట్టెలో ఈ చీటీ పడింది: "అందరికీ రొట్టె పంచి తాను మాత్రం తినని మనిషి కోసం ప్రార్థించండి."

అమ్మా, ఆ మనిషిని నేనే. నాన్న పోయినప్పటి నుంచి నేను ఆ బల్ల రొట్టె ముట్టలేదు. పళ్ళెం పట్టుకున్నవాడు తిన్నాడా లేదా అని ఎవరూ చూడరు. ఆకలిని దాచుకోవడానికి వడ్డించడాన్ని మించిన చోటు లేదని అనుభవం మీద చెబుతున్నాను.

చీటీని నియమం ప్రకారం మర్యాదైన భాషలోకి మార్చాను. ఆ బుధవారం లేచి, "ఆహారము తీసుకొనలేకపోవుచున్న ఒక సహోదరుని నిమిత్తము" అని చదివాను. నా పరిపాలనా జీవితంలో ఇంత చక్కగా గుట్టు దాచిన వాక్యం మరొకటి రాయలేదని కూర్చుంటూ అనుకున్నాను.

సంఘమంతా కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచాక అందరూ కలిసి పుల్ల వైపు చూశారు.

పుల్ల అంటే మన సంఘంలో కరెంటు పనులు చేసేవాడు. నిచ్చెన పక్కన నిలబడితే ఏది నిచ్చెనో ఒక క్షణం ఆలోచించాలి. మరునాడే పాటల బృందాన్ని నడిపే పాటలమ్మ గారు గిన్నెడు సూపు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది.

"నేను తింటూనే ఉన్నానండీ" అన్నాడట పుల్ల.

"సిగ్గుపడకు నాయనా. నీ కడుపు సంగతి ప్రభువు సంఘమంతటికీ తెలియజేశాడు."

"మా నాన్నా ఇంతేనండీ. మా ఇంట్లో కుక్క కూడా ఇంతే."

"అయ్యో, కుక్కకూ పెట్టడం లేదా?" అని ఆమె మర్నాడు రెండు గిన్నెలు తెచ్చింది.

వారం తిరిగేసరికి సంఘంలోని స్త్రీలు వంతులు వేసుకున్నారు. ఉడకబెట్టిన గుడ్లు, వెన్న, పాలు, చేపలు. ఐదో వారానికి పుల్ల కూటం అయ్యాక నన్ను గుమ్మం దగ్గర పట్టుకున్నాడు. అతని చొక్కా బొత్తాల దగ్గర కొత్త పరిస్థితి నెలకొని ఉంది.

"కార్యదర్శి గారూ, నేను నిచ్చెనెక్కితే మెట్టు మూలుగుతోంది. అసలు ఆ చీటీలో ఏం రాసుందో చెప్పండి."

"చీటీలు గోప్యం" అన్నాను.

"అయితే నా పొట్ట కూడా గోప్యంగానే ఉంచాల్సింది కదా? వచ్చే బుధవారం ఉన్నది ఉన్నట్టు చదవండి. లేదంటే పాస్టరు గారినే అడుగుతా. చీటీలన్నీ మీరు ఫైల్లో పెడతారని నాకు తెలుసు."

పెడతాను. తేదీల వారీగా.

ఇంటికి వచ్చి ఆ చీటీ మీద దర్యాప్తు ప్రారంభించాను. సంఘ సభ్యుల సంతకాల పుస్తకం తెచ్చి అక్షరాలు పోల్చాను. నీ కోడలు గుమ్మంలో నిలబడి చూసి, "ఎవరు రాశారో తెలియకనా, తెలిసిపోతుందనా ఈ వెతుకులాట?" అంది. నేను ఇంకో పేజీ తిప్పాను. ఆ కాగితం గోధుమరంగు రొట్టె సంచి నుంచి చింపింది. మడతల్లో ఇంకా పిండి ఉంది. అది ఎవరిదో పెట్టెలోంచి తీసిన నిమిషంలోనే నాకు తెలుసు. మిగతాదంతా కార్యాలయ విధానం.

శనివారం మధ్యాహ్నం బేకరీకి వెళ్ళాను. నాన్న పోయాక, అంటే రెండేళ్ళకు ఒక నెల తక్కువలో, అక్కడ అడుగుపెట్టడం అదే మొదటిసారి. నాన్న బల్ల దగ్గరే తమ్ముడు మోచేతుల దాకా పిండిలో ఉన్నాడు. ప్రభువు బల్లకు రొట్టె ఇప్పుడు వాడే కాలుస్తున్నాడు. పళ్ళెం సర్దేదీ, ఆరాధన తర్వాత కడిగేదీ వాడే.

"ఏం కావాలి?" అన్నాడు, కొనడానికి వచ్చినవాళ్ళను అడిగినట్టు.

చీటీ చూపించాను. "ఇది నీదేనా?"

"దర్యాప్తుకొచ్చావా?"

"అవును."

"అయితే కూర్చో. సాక్షి చేతులు ఖాళీగా లేవు."

కూర్చున్నాను. చిన్నప్పుడు కూర్చున్న పిండి బస్తాల చోటే. "నేను తినడం లేదని నీకెలా తెలుసు?"

"అంచు ముక్క నాన్న ఎవరికి పెట్టేవారు?"

నీకు గుర్తుండే ఉంటుంది. రొట్టె కోసేటప్పుడు గట్టిగా కాలిన చివరి ముక్కను నాన్న పళ్ళెం మూలన విడిగా పెట్టేవారు. అది పంచేవాడిది. అందరికీ మెత్తనిది ఇచ్చాక తనకు మిగిలేది నమలడానికి కొంచెం కష్టపడాలని ఆయన సరదా.

"నేనూ అలాగే పెడుతున్నా" అన్నాడు తమ్ముడు. "ప్రతి నెలా వెనక్కి వస్తోంది అన్నయ్యా. మొదట్లో నీకు పన్ను నొప్పేమో అనుకున్నా. తర్వాత అర్థమైంది."

కాసేపు వాడు పిండి పిసికాడు, నేను చూశాను. అప్పుడు వాడు తల ఎత్తకుండానే అన్నాడు: "ఆ రోజు నేను ఫోన్ చేశానని నీకు తెలుసు."

"తెలుసు" అన్నాను.

అమ్మా, ఉత్తరంలో ఇక్కడి దాకా రావడానికే నేను కుళాయి గురించి అంత రాశాను. ఇప్పుడు సూటిగా రాస్తాను. నాన్న ఆసుపత్రిలో నా కోసం అడిగినప్పుడు నువ్వు తమ్ముణ్ణి "అన్నకు ఫోన్ చెయ్యి" అని పంపావు. వాడు వసారాలోకి వెళ్ళి చేశాడు. మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ నా ఫోన్ బల్ల మీద మోగింది. మూడుసార్లూ వాడి నంబరు చూశాను. ప్రజల ఫోన్లకు మూడుసార్లు మోగేలోపు జవాబివ్వాలన్న కొత్త పద్ధతిని పై అధికారుల ముందు నేను వివరిస్తున్న సమావేశం అది. ఫోన్‌ను బోర్లా తిప్పి పెట్టాను. సమావేశం ముగిసి అందరూ నన్ను మెచ్చుకున్నాక వచ్చాను. అప్పటికి నాన్న లేరు.

నువ్వు నాన్న మంచం దగ్గరే అడిగావు, "వాడు ఫోన్ చేయలేదా?" అని. "నాకు ఏ ఫోనూ రాలేదమ్మా" అన్నాను. తమ్ముడు నా పక్కనే ఉన్నాడు. నన్నొకసారి చూసి, "లైను కలవలేదేమోనమ్మా" అన్నాడు. చేయని ఫోన్ చేశానని వాడు బొంకాడనుకున్నావు నువ్వు. ఆనాటి నుంచి వాడి ఉత్తరాలు డ్రాయర్లో పడుతున్నాయి. తోడబుట్టినవాడికి చేసిన అన్యాయం గుర్తొస్తే ముందు వాడి దగ్గరికి వెళ్ళి, ఆ తర్వాతే దేవుని సన్నిధికి రావాలని నువ్వే మాకు నేర్పావు. నేను దేవుని సన్నిధికి పళ్ళెంతో సహా ఇరవై మూడుసార్లు వచ్చాను. వాడి దగ్గరికి వెళ్ళలేదు.

నీ సిద్ధాంతంలో లోపం ఇదే. ఇన్ని ఉత్తరాల్లో "నా హృదయం సంతృప్తికరము" అని రాశాను. చెయ్యి ఒక్కసారీ నొప్పెట్టలేదు.

"ఎందుకురా చెప్పలేదు? నీ ఫోన్ చూపిస్తే సరిపోయేదిగా" అని వాణ్ణి అడిగాను.

"చూపిద్దామనే బయటికి తీశా. అప్పుడు నువ్వు నాన్న మంచం కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నావు. ఆ రోజుకి నీకు నాన్న పోయారు. అమ్మను కూడా పోగొట్టడం దేనికనిపించింది. నాకైతే తిట్లు అలవాటే కదా, చిన్నప్పుడు నువ్వు పగలగొట్టిన గ్లాసులన్నీ నా ఖాతాలోవే."

"ఆ తర్వాతైనా?"

"నువ్వే చెబుతావనుకున్నా. ఆఫీసు మనిషివి, కొంచెం ఆలస్యమవుతుందిలే అనుకున్నా."

నేను ఏడ్చాను. ఇందులో మర్యాదైన భాషలోకి మార్చవలసింది ఏమీ లేదు. తమ్ముడు గిన్నెను నాకు దూరంగా జరిపి, "పక్కకి తిరిగి ఏడువు అన్నయ్యా, పిండిలో ఉప్పు సరిగ్గా వేశాను" అన్నాడు. తర్వాత పిండి చేతులతోనే నన్ను పట్టుకున్నాడు. నా కోటు మీద పది వేళ్ళ అచ్చులు పడ్డాయి. నీ కోడలు దాన్ని ఉతకలేదు.

బుధవారం లేచి చీటీని ఉన్నది ఉన్నట్టు చదివాను. ఆ మనిషిని నేనేనని చెప్పాను. కారణం కూడా చెప్పాను. అప్పుడు వెనక వరసలోంచి పుల్ల, "దేవుడికి స్తోత్రం" అన్నాడు. అంత మనస్ఫూర్తిగా స్తుతించిన గొంతు ఆ గదిలో నేనెన్నడూ వినలేదు. పాటలమ్మ గారు మాత్రం, "మరి రేపటి సూపు?" అని పక్కవాళ్ళను అడిగింది. పాస్టరు గారు నా రాజీనామా తీసుకోలేదు. చీటీల నియమాన్ని మాత్రం రద్దు చేశారు. ఇప్పుడు గిన్నెల సంగతి గిన్నెల సంగతిగానే దేవుడికి చేరుతోంది.

పోయిన ఆదివారం పళ్ళెం తమ్ముడు పట్టుకున్నాడు. నేను మూడో వరసలో కూర్చున్నాను. నా దగ్గరికి వచ్చాక పళ్ళేన్ని తిప్పి, మూలన ఉన్న అంచు ముక్కను నా వైపు పెట్టాడు. తీసుకున్నాను. నీ చిన్నకొడుకు రొట్టె అంచులు కొంచెం మాడుస్తాడమ్మా. చాలాసేపు నమిలాను.

ఇక నాలుగో ప్రశ్నకు జవాబు. నా హృదయం సంతృప్తికరంగా ఉందని ఇకముందు రాయను. నాన్న వేలితో నొక్కి చూస్తే గుంట పడుతుంది, మెల్లగానైనా లేస్తుంది అని మాత్రం రాయగలను. రెండేళ్ళుగా అది కూడా లేదు. ఇప్పుడు నిద్ర పడుతోంది. మనవరాలు నిన్న కళ్ళద్దాలు తుడుచుకుని మరీ నన్ను చూసి, ఏమీ అనకుండా బడికి వెళ్ళింది. దాన్ని ఆమోదంగా పరిగణిస్తున్నాను.

నువ్వు నన్ను వెంటనే క్షమించాలని కోరడం లేదు. నీ కోపం ఇంతకాలం తప్పు చిరునామాకు చేరుతోంది. ఇకపై అది నాకు పంపు. ఎంత పెద్దదైనా సంతకం చేసి తీసుకుంటాను. ముందు ఆ డ్రాయరు తెరిచి వాడి ఉత్తరాలన్నీ చదువు. వాడు వాటిలో నా గురించి ఒక్క మాటా రాయలేదట. నువ్వు మందులు వేసుకుంటున్నావా అని మాత్రమే అడిగాడట.

ఈ ఉత్తరం శుక్రవారానికి నీకు అందుతుంది. ఆదివారం ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం ఒంటిగంటకు, తమ్ముడు బేకరీ నుంచి నీకు ఫోన్ చేస్తాడు. నేను పక్కనే ఉంటాను, మాట్లాడను. వాడు ఎన్నిసార్లయినా చేస్తాడు, అది నాకు తెలుసు.

మొదటిసారికే ఎత్తు అమ్మా.

ఇట్లు,
ఆ రోజు ఎత్తని
నీ పెద్దకొడుకు