లెక్కకు మించిన జింకలు

బెల్మోర్, టాస్కర్ కౌంటీ, మిషిగన్
జనవరి 6

ప్రియమైన నాన్నా,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటని ఈపాటికి పక్క ట్రైలర్ ఇంట్లో ఉండే ఫిలిస్ గారితో కలిసి నా మీద జోకులేస్తూ ఉంటావు. వేసుకో. ఆఫీసు ఫోన్లో దగ్గినా రికార్డవుతుందని నాకు నేర్పింది నువ్వే. సెల్లులో పంపిన మాటలు రేపు ఎవరైనా బయటికి లాగొచ్చు. అందుకే కాగితం. చదివాక చించెయ్యమని అనను, అలా అనేదాకా ఇంకా రాలేదు.

ఇక్కడ మంచు మోకాలి దాకా ఉంది. రోడ్డు గస్తీ విభాగం ఏడాది నివేదిక ఈసారి నా మెడకు చుట్టారు. పన్నెండు మంది డెప్యూటీలు ఏడాది పొడుగునా ఆపిన బండ్లు, రాసిన టికెట్లు, పట్టుకున్న తాగుబోతులు, నీలా చలికాలం ఫ్లోరిడా పోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి లాగి చూసిన తాళాలు, బడి బస్సుల వెనక తిరిగిన గంటలు, అన్నీ వరసల్లో పెట్టి నెలాఖరుకి షెరీఫ్ బల్ల మీద ఉంచాలి. నువ్వు సార్జెంటుగా ఉన్న రోజుల్లో ఈ పని వంటింటి బల్ల మీద బీరు తాగుతూ చేసేవాడివి. నేను కాఫీతో లాగిస్తున్నాను. అన్ని వరసలూ కుదిరాయి, జింకలు తప్ప.

మన హార్లన్ టౌన్‌షిప్‌లో జింకలు బండ్లకు తగలడం ఏటా పది, పన్నెండు సార్లు. ఈసారి ముప్ఫై ఒకటి. అందులో ఇరవై రెండు రిపోర్టులు ఒక్కడే రాశాడు. గార్త్ హబెల్. నువ్వు చెయ్యి పట్టుకుని పని నేర్పినవాడు, ఇన్నేళ్లుగా నేను బాబాయ్ అని పిలిచేవాడు, జూన్‌లో రిటైరవబోతున్నవాడు. ఇరవై రెండింటిలోనూ ఒకటే వాక్యం. 'జింక ఎడమవైపు నుంచి వచ్చి, బండికి తగిలి, కోయని మొక్కజొన్న చేలోకి పారిపోయింది.' ఒక్క జింకా చావలేదు. ఒక్క బంపర్ మీదా వెంట్రుక ముక్క దొరకలేదు. వాటిలో ఒకటి ఏప్రిల్ పదకొండున జరిగింది. ఏప్రిల్‌లో మన వైపు మొక్కజొన్న చేను ఎక్కడుంది నాన్నా? దుక్కి కూడా అయ్యుండదు.

జింక తగిలిందని డెప్యూటీ రాస్తే నడిపినవాడి తప్పు లేనట్టే. టికెట్ ఉండదు, లైసెన్సుకి మచ్చ పడదు, ఇన్సూరెన్సువాళ్లు నోరెత్తరు. కాబట్టి ఇందులో ఎవరో బాగుపడుతున్నారు. బండ్లు బాగుచేసే షెడ్డువాడితో పొత్తా? ఎవరైనా ఆడమనిషా? తాగుడు స్నేహితులా? మూడు రోజులుగా అతను కాఫీ పోసిస్తే కప్పులోకి తొంగి చూసి మరీ తాగుతున్నాను.

అక్టోబరులో నీకు తగిలిన జింక రిపోర్టు కూడా అతనే రాశాడు. ఊరికే అడుగుతున్నాను. ఆ రోజు ఏం జరిగిందో నీ మాటల్లో ఒకసారి రాసి పంపు. నా బుర్రలో తొలిచే పురుగు ఊరుకుంటుంది.

నీ కూతురు,
రోవీనా

---

ఫ్లోరిడా
జనవరి 12

నా సార్జెంటమ్మకి,

ఇక్కడ నిమ్మచెట్టు కింద చొక్కా లేకుండా కూర్చుని నీ ఉత్తరం చదివాను. నువ్వు మంచు ఎత్తిపోసుకుంటూ ఉంటావని తలుచుకుంటే ఎండ ఇంకా హాయిగా తగిలింది.

గార్త్ జోలికి పోకు. ఆ మనిషి మీ అమ్మ శవపేటిక మోశాడు. రాత పనిలో వాడు ఎప్పుడూ బద్ధకస్తుడే, ఒక వాక్యం కుదిరితే దానితోనే ఏడాదంతా గడిపేస్తాడు. అంతకుమించి ఏమీ ఉండదు.

నా జింక సంగతి అడిగావు. శనివారం పొద్దున, పదింటికి కాస్త ముందు. బోవెన్ రోడ్డు మీద వస్తున్నాను. ఎడమవైపు చేలోంచి వచ్చింది. మగది, కొమ్ములకు ఎనిమిది కొనలు. రోడ్డు మధ్య ఆగి నా కళ్లలోకి చూసింది. తప్పించబోయి కుడివైపు గుంటలోకి దిగాను. ఆదివారం భోజనాల దగ్గర చెప్పిందే, మళ్లీ చెప్పించుకుంటున్నావు. ఫిలిస్‌కి కూడా నాలుగుసార్లు చెప్పాను, ఐదోసారి చెబితే నన్ను నా ఇంటికి పొమ్మంది.

ఏప్రిల్‌లో వచ్చేస్తాను. ట్రక్కు బ్యాటరీ చచ్చిపోకుండా వారానికోసారి స్టార్ట్ చేస్తూ ఉండు.

నీ నాన్న,
లియోనార్డ్

---

బెల్మోర్
జనవరి 20

నాన్నా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి మూడుసార్లు చించాను. నీ జవాబు చదివి ముందు నమ్మాను. తర్వాత, అంత వివరంగా చెప్పేవాళ్లని నమ్మొద్దని నువ్వే అనేవాడివని గుర్తొచ్చింది. మంగళవారం మధ్యాహ్నం బోవెన్ రోడ్డుకి వెళ్లాను. నువ్వు దిగింది కుడివైపు గుంటలోకి కాదు. ఎడమవైపుకి. అక్కడ మూడు ఇళ్ల పిల్లలు బడి బస్సు కోసం నిలబడే చెక్కల పందిరి ఉంది. పాత పలకలన్నీ ఎండకీ వానకీ బూడిద రంగుకి తిరిగాయి. రోడ్డు వైపున్న నాలుగు మాత్రం కొత్తవి, ఇంకా పచ్చగా ఉన్నాయి. ఎవరు వేశారని ఎదురింటావిణ్ణి అడిగాను. "మీ హబెల్ గారే కదమ్మా, ఆదివారం పూటా సుత్తి పట్టుకుని వచ్చాడు పాపం" అంది. అది శనివారం కాకపోయి ఉంటే, నాన్నా, నువ్వు ఓ రెండు గంటలు ముందు వచ్చి ఉంటే? ఆ పలకల వెనక పిల్లలు నిలబడి ఉండేవాళ్లు.

అక్కణ్ణుంచి నేరుగా గార్త్ దగ్గరికి వెళ్లాను. చర్చి వెనక పార్కింగులో గస్తీ కారులో కూర్చుని శాండ్‌విచ్ తింటున్నాడు. పక్క సీట్లో కూర్చుని ఏప్రిల్ రిపోర్టు ఒళ్లో పెట్టాను.

"ఏప్రిల్‌లో మొక్కజొన్న ఎక్కడ పండింది బాబాయ్?"

చదివి నవ్వాడు. "ఇదిగో, ఇందుకే నాకు రాత పని గిట్టదు. పట్టేశావు."

"ఎంత తీసుకున్నావు?"

ఆ మాటకి మాత్రం నవ్వు పోయింది. "అమ్మాయ్, నన్ను ఏమైనా అను, ఆ మాట అనకు. ఒక్క కప్పు కాఫీ కూడా తాగలేదు. ఎవరనుకున్నావు వీళ్లంతా? ఎనభై రెండేళ్ల ముసలమ్మ. మొగుణ్ణి డయాలసిస్‌కి తీసుకెళ్లి తెచ్చుకునే మనిషి. ఈ రోడ్ల మీద బస్సుందా, టాక్సీ ఉందా? లైసెన్సు పీకేస్తే వాళ్లని ఇంట్లో పెట్టి తాళం వేసినట్టే. గుంటలోకి దిగారు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. జింకని రాశాను. జింక వచ్చి కాదంటుందా?"

"మా నాన్న?"

"మీ నాన్నకి రాయకుండా ఎలా ఉంటాను? ఈ వాక్యం నాకు నేర్పిందే ఆయన. నేను కొత్తగా చేరిన నెల, ఆయన పక్క సీట్లో కూర్చుని చూశాను. ఎవరి కోసం రాశాడో నీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. ఇరవై ఆరేళ్లుగా నేను నోరు మెదపని సంగతి ఇది. మొదటి రిపోర్టు చదవగానే ఆ వాక్యాన్ని గుర్తుపట్టాను. నీకు రాసిన ఉత్తరంలో ఏమీ తెలియనట్టు నటించాను. నాకు పందొమ్మిదేళ్లు. సెప్టెంబరు, నా స్నేహితురాలు మార్జీ పెళ్లి విందు, పట్టపగలు నాలుగు గంటలకు అమ్మ కారుని కల్వర్టుకి కొట్టాను. జింక లేదు నాన్నా. ఐదు గ్లాసులు తాగాను. నువ్వు వచ్చావు, కారు చుట్టూ తిరిగావు, నా వైపు చూడకుండా రాసుకున్నావు. ఇంటికొచ్చాక జింక ఎంతుందని అమ్మ అడిగితే చేతులు చాపి చూపించాను. తర్వాత పోలీసు శిక్షణకు చేరేటప్పుడు, ఎప్పుడైనా తాగి నడిపావా అన్న ప్రశ్నకి లేదని రాసి సంతకం పెట్టాను. అప్పటి నుంచి నేను పట్టుకున్న ప్రతి తాగుబోతు చేతికి బేడీ వేసేటప్పుడు సిగ్గుపడ్డాను. ఎక్కువమందిని పట్టుకుంటే ఆ సిగ్గు పోతుందనుకున్నాను. పోలేదు.

కాబట్టి ఇదీ నా నిర్ణయం. ముప్ఫయ్యో తారీఖున షెరీఫ్‌కి మొత్తం చెబుతాను, గార్త్ సంగతీ, నా సంగతీ. గార్త్ ఉద్యోగం పోవచ్చు. నా భుజం మీద సార్జెంటు చారలు కూడా పోవచ్చు. నీకు మళ్లీ డ్రైవింగ్ పరీక్ష పెట్టమని లైసెన్సు ఆఫీసుకి పంపే కాగితం కూడా నింపాను, పంపినవారి పేరు దగ్గర నా పేరే రాశాను. ఇదంతా నీ మీద కోపంతో కాదు అందామనుకున్నాను, కానీ కోపం ఉంది. గార్త్ అబద్ధం రాశాడు, సరే. నా మొహం చూస్తూ ఎనిమిది కొనల కొమ్ములని నువ్వెలా చెప్పగలిగావు? ఎందుకు అబద్ధమాడావు నాతో? దానికి మాత్రం జవాబు కావాలి.

రోవీనా

---

ఫ్లోరిడా
జనవరి 25

నా చిన్నతల్లీ,

నీ ఉత్తరం చదివి, నమ్మక, ఫిలిస్‌తో పైకి చదివించుకున్నాను. రెండు రోజులు ఆలోచించాను. నేను నీతో అబద్ధమాడలేదు. ఇది తప్పించుకోవడానికి చెప్పడం లేదు. తప్పించుకునేందుకైతే ఇంతకన్నా మంచి మాట దొరికేది.

నాకు నిజంగా గుర్తున్నది ఇంతే. రేడియోలో పందుల ధరలు చెబుతున్నారు. మలుపు దగ్గర చర్చి బోర్డు కనబడింది. ఆ తర్వాత కిటికీలో గార్త్ మొహం. మధ్యలో ఏమీ లేదు, చీకటి కూడా లేదు. "జింక అడ్డొచ్చిందా లియోనార్డ్?" అని అడిగాడు. అవునన్నాను. ఇంటికొచ్చేసరికి అది నాకు కనబడుతోంది. ఆదివారం భోజనాలకి దానికి కొమ్ములు మొలిచాయి. ఇరవై ఎనిమిదేళ్లు జనం చేత వాంగ్మూలాలు రాయించుకున్నాను. ప్రశ్నలోనే జవాబు పెట్టి ఎవరినీ అడగకూడదని కొత్తవాళ్లకి నేనే పాఠం చెప్పాను. నన్ను అలా అడిగితే నాకే తెలియలేదు. వాడు నా మేలు కోరే ఆ మాట అందించాడు. నా తలలో ఏదో ఆగిపోతోందని అప్పుడే తెలియాల్సింది. మూడు నెలలు తెలియకుండా ఆ జింక వెనక దాక్కున్నాను. ఆ పందిరి ముందు నుంచి మళ్లీ ఎన్నిసార్లు వెళ్లానో నీకు తెలుసు, ఇక్కడికి పన్నెండు వందల మైళ్లు విమానంలో కాకుండా బండిలోనే వస్తానని ఎంత గొడవ చేశానో కూడా తెలుసు. నువ్వు ఒప్పుకోలేదు కాబట్టి సరిపోయింది.

ఫిలిస్‌ని గట్టిగా అడిగాను. రెండుసార్లు, ఒకసారి కిరాణా కొట్టులో, ఒకసారి చీట్లపేక ఆడుతూ, నిమిషం సేపు తను పిలిచినా నేను పలకలేదట. అలిగాననుకుందట. "నువ్వు అలగని రోజేది, నాకెలా తెలుస్తుంది?" అంది. తర్వాత ఏడ్చింది. మంగళవారం డాక్టరు దగ్గరికి తీసుకెళుతోంది, బండి తనే నడుపుతుంది.

ఇక నీ కల్వర్టు. కారు తలుపు తియ్యగానే వాసన కొట్టింది తల్లీ. నాకు తెలుసు. నీ బతుకు పాడవకూడదని రాశాను. ఆ అబద్ధం మోయడం నీకు ఇష్టమో కాదో అడగలేదు. గార్త్ పక్కనే ఉన్నాడన్నది అసలు ఆలోచించనే లేదు. వాడి తప్పు తగ్గించి రాయకు, కానీ అది ఎక్కడ మొదలైందో కూడా రాయి, నా పేరుతో, నా బ్యాడ్జి నంబరుతో.

ముప్ఫయ్యో తారీఖు దాకా ఆగకు. ఆ కాగితం ఈ రోజే పంపు. నాకు భయంగా ఉంది, నీతో కాబట్టి చెబుతున్నాను. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ జింక ఎడమవైపు నుంచి వస్తూనే ఉంది, ఆగి నా వైపు చూస్తూనే ఉంది. అది లేదని నువ్వు రాయి. కింద సంతకం నేను పెడతాను.

నీ నాన్న,
లియోనార్డ్ విటెక్