దానంతటదే కదిలిన కారు

అబ్బులూ,

ఈ రోజు నీ సంవత్సరీకం. నువ్వు ఓడ మీద తెచ్చుకున్న కారు ఇవాళ కూడా కదలకపోతే పాత ఇనుము వాడికి ఇచ్చేస్తానని మీ నాన్నగారు పట్టుబట్టారు. నా ప్రాణం ఒప్పుకోలేదు. కువైట్‌లో కార్ల షెడ్డులో నీతో పనిచేసిన సత్తిబాబు సెలవు మీద వచ్చాడని విని కబురంపాను.

నువ్వు పోయాక ఇంజను ఎంత అరిచినా కారు ముందుకి జరగలేదు. క్లచ్చు లేని ఆటోమేటిక్ బండి అమలాపురంలో ఎవరికి తెలుసు? సత్తిబాబు ఆయిలు చూసే కమ్మీ లాగి వాసన చూశాడు.

"మాడిపోయిందండి పిన్నిగారూ! దీని గేరుబాక్సులో లారీ ఆయిలు పోసేరేంటండీ? ఇదేమన్నా ఇటుకలు మోసే బండి అనుకున్నారా?"

"ఆయ్, మన ఊరి లారీల మేస్త్రీయే పోసేడు బాబూ."

అదంతా దించేసి, లోపలి జల్లెడ కడిగి, తను తెచ్చిన పలచటి ఎర్ర ఆయిలు పోశాడు. ఇంజను స్టార్టు చేసి, చేతి బ్రేకు లాగి, గేరు ముందుకి వేసి, కింద కారుతోందేమోనని దిగి చూశాడు. కారు దానంతటదే కదిలింది.

"ఈ బండ్లంతేనండి, యాక్సిలేటరు మీద కాలెయ్యకపోయినా పాకుతాయండి" అంటూ వెంటపడ్డాడు.

అతను అందుకునేలోగానే అది పెరట్లో తిన్నగా వెళ్ళి వంటింటి మెట్ల దగ్గర ఆగింది. ఎక్కడికెళ్ళొచ్చినా నువ్వు అక్కడే ఆపి, "అమ్మా, అన్నం" అనేవాడివి. ఇంజను ఆడుతూనే ఉంది.

"బ్రేకు నేను తొక్కలేదండి" అన్న సత్తిబాబు మళ్ళీ లోపల చెయ్యి పెట్టలేదు.

మీ నాన్నగారు ఖాళీ సీటు వంక చూసి, "నీ కారు అమ్మన్లేరా" అన్నారు. అప్పుడు ఇంజను ఆగింది.

మెట్టు మీద ఆకు వేసి వడ్డించాను. మామిడికాయ పప్పు కూడా ఉంది. కడుపునిండా తిను నాన్నా.