మిట్టమధ్యాహ్నపు తిరుగుబాటు

రబాత్, మంగళవారం

అమ్మా, నీ చేతులకు ముద్దులు. నేను క్షేమం, నన్నెవరూ పట్టుకుపోలేదు, భయపడకు.

ఇక్కడ కాలేజీలో ఒక మహా నాటకకర్త నాటకాల్లో రాజనీతి చదువుతున్నాం. నిన్నటి నాటకంలో జనం మిట్టమధ్యాహ్నం పాలకుడి కోటను చుట్టుముట్టి, తీరా గెలిచే వేళకు ఇళ్లకు వెళ్లిపోతారు. "పిరికి జనం! ద్రోహులు!" అని నేను బల్ల గుద్దాను. పక్కనున్న నజ్హా నవ్వింది. "చాల్లేవయ్యా, నీ విప్లవమూ నువ్వూ! వీధి బట్టీలో కాల్చడానికిచ్చిన రొట్టెలు ఆ వేళకు మాడిపోవూ? బట్టీవాడి కొడుకువి, నీకీపాటి తట్టలేదా?" తరగతంతా గొల్లుమంది. ఒళ్లు మండింది గాని, మాట నిజమే. నేను చదివిన కరపత్రాల్లో ఎక్కడా ఈ సంగతి లేదు. మాస్టారు దానిమీదే నన్ను వ్యాసం రాయమన్నారు.

అందుకని నాన్నను అడుగు: ఊరు తిరగబడిన రోజున అందరి రొట్టెలూ మాడకుండా తీసి, వాళ్లు వచ్చేదాకా దాచిపెడతాడా? ఆ జవాబు లేనిదే నా వ్యాసం కదలదు.

చెల్లి బతూల్‌కు దగ్గు తగ్గిందా? ఊరవేసిన నిమ్మకాయలు పంపు, ఇక్కడి తిండి చప్పిడి. ఇంటిల్లిపాదికీ సలాములు.

బట్టీ వదిలి వచ్చానని నాతో మాట్లాడనని నాన్న ఒట్టు పెట్టుకున్నాడు. రాయనని పెట్టుకోలేదుగా! జవాబు ఆయన చేతే రాయించు. ఉత్తరానికి బట్టీ మసి అంటినా ఫరవాలేదు, పేరు చూడకుండానే పోల్చుకుంటాను.

మీ ఘాలీ