పోశెట్టన్న చేసిన ఓటు పెట్టె

పోశెట్టన్నా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. జుబైల్‌లో మన క్యాంపు రేపు ఖాళీ చేస్తున్నారు. మమ్మల్ని హఫర్ అల్ బాతిన్ పంపుతున్నారు, మనిషికి ఒక్క బ్యాగే. నువ్వు తుక్కు రేకుతో వెల్డింగ్ చేసిన ఓటు పెట్టె మాత్రం నా మంచం కిందే ఉండిపోయింది.

మన ఎన్నికలకు ఇక్కడి నుంచే ఓటేసే వీలు ఇమ్మని అర్జీ పెట్టుకున్నప్పుడు, మన దేశం నుంచి వచ్చిన అధికారి ఏమన్నాడో గుర్తుందా? "సౌదీ అంతా బూత్‌లు, సిబ్బంది, బందోబస్తు... ప్రభుత్వానికి ఎంత ఖర్చో తెలుసా?" నువ్వు లేచి, "పెట్టె ఖర్సు నాది సార్, మిగిలింది మీరు సూసుకోండ్రి" అన్నావు. అందరూ నవ్వారు.

వారం తిరక్కముందే పెట్టె తయారు. చీటీ పట్టేంత సందు వదిలి, మూతే లేకుండా అన్ని వైపులా అతికేశావు. సర్కారు ఒప్పుకున్న రోజు కోద్దామన్నావు. గదిలో పదకొండుమందిమి ఉత్తుత్తి ఓట్లు వేశాం. నీ చీటీలోకి తొంగి చూడబోతే కసిరావు: "ఓటు ఎవ్వలకు సూపెట్టద్దురా!" ఇరవై ఏళ్ల గల్ఫ్ బతుకులో నువ్వు వేసిన ఓటు అదొక్కటే.

ఈ పొద్దున మన అర్జీకి జవాబొచ్చింది. ఖర్చు ఎక్కువట, కుదరదట. ఖర్చు నిజమే, కాదనను. మనం ఇంటికి పంపే డబ్బుకి మాత్రం ఏనాడూ దూరం అడ్డం రాలేదు.

గ్రైండర్‌తో నీ అతుకు నేనే కోశాను. పదకొండు చీటీలు రాలాయి. గ్రీజు బొటనవేలి ముద్ర ఉన్నది నీదే.

విప్పలేదన్నా. మడత మీదే పొయ్యిలో వేశాను.