రోజూ రెండు చెంచాలు

24 జనవరి 2026, శనివారం

మా చెల్లెలు చిన్మయి వచ్చింది. ఫోన్లో ఫొటోలు చూపించింది. కొవ్వొత్తులు, పొట్టి గ్లాసులు, పళ్ళెంలో పలకలు పలకలుగా చాక్లెట్లు. డెజర్ట్ వైన్ అండ్ చాక్లెట్ టేస్టింగ్ అట. ఫిబ్రవరి ఏడు వాళ్ళ పెళ్ళిరోజు. పద్దెనిమిదేళ్ళు. వాళ్ళింట్లో అత్తగారున్నారు కాబట్టి అక్కడ కుదరదట. మా డాబా మీద చేస్తానంది.

ఆ రోజు కూడా శనివారమే, వెంకన్న రోజు అన్నాను. వైన్ అంటే సారా కాదక్కా, భోజనం అయ్యాక తాగే పాయసం అనుకో అంది. వాళ్ళాయన కృష్ణకి మాత్రం చెప్పొద్దంది. సర్‌ప్రైజ్ అట.

ఆలోచిస్తానన్నాను. చెప్పులు వేసుకుంటూ అంది, ఆయన నాతో నవ్వి ఎన్నాళ్ళయిందో తెలుసా, పక్కన పడుకుంటారు గానీ పక్కన ఉండరక్కా అని.

సరే అనేశాను.

దీపం కొండెక్కాక, అరుగుదలకి రోజూ తాగే ద్రాక్షారిష్టం రెండు చెంచాలు తాగాను. కడుపు తేలికపడింది. మనసు కాదు.

25 జనవరి, రథసప్తమి

చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టాను. సూర్యుడికి దణ్ణం పెడుతున్నా కృష్ణ సంగతే తలలో ఉంది. ఇక్కడ రాసుకుంటే ఎవరికీ చెప్పినట్టు కాదు.

అనంతకృష్ణ, చిన్మయి భర్త, నా మరిది. అప్పట్లో ఉద్యోగం పాడేరులో. సోమవారం వెళ్ళి శనివారం వచ్చేవాడు. అక్కడ గదిలో ఒక్కడూ కూర్చుని తాగేవాడు. మొదట రాత్రిళ్ళు, తర్వాత పొద్దున్న కూడా. ఒకరోజు ఆఫీసు మెట్ల మీద పడిపోయాడు. ఆఫీసువాళ్ళు ఎవరికి ఫోన్ చేయాలని అడిగితే నా నంబరు ఇచ్చాడు. భార్యది కాదు.

వెళ్ళి తీసుకొచ్చాను. ఘాటు దిగి మా ఊరు నర్సీపట్నం మీదుగానే, ఇంటి దగ్గర ఆగకుండా, తిన్నగా ఉపమాకకి. వెంకన్న ఎదుట నా చేతిలో చెయ్యేసి ఇక ముట్టనని ప్రమాణం చేశాడు. చిన్మయికి చెప్పనని నా చేత చేయించుకున్నాడు. ఆ తర్వాత ఇరవై రోజులు విశాఖలో ఆస్పత్రి. ఇంట్లో మాత్రం హైదరాబాదులో ట్రైనింగ్ అని.

అప్పటినుంచి రాత్రి ఎనిమిదికి నా ఫోన్‌కి ఒక్క మాట వస్తుంది. గోవింద. అంటే ఆ రోజు ముట్టకుండా గడిచిందని. నేనూ గోవింద అని పెడతాను. పదహారు నెలలు. ఇక్కడికి ట్రాన్స్‌ఫర్ అయ్యాక కూడా. ఒక్కరోజు తప్పలేదు.

చిన్మయితో మాట్లాడడు, నిజమే. మాట మొదలుపెడితే ఆ మాట వచ్చేస్తుందని భయం.

28 జనవరి, బుధవారం

గోవింద. 8.02.

1 ఫిబ్రవరి, ఆదివారం

సీసాలు వచ్చాయి. చిన్మయి స్నేహితురాలు సత్యలక్ష్మి బెంగళూరు నుంచి వస్తూ తెచ్చింది. రెండు సన్నటి సీసాలు. వాళ్ళింట్లో అత్తగారు చూస్తారని మా ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళింది చిన్మయి. పేపరు చుట్టి కింది అరలో కొత్తిమీర కింద దాచాను. పై అరలో దేవుడికి పెట్టిన పాలున్నాయి. ఇక పనికిరావని తీసి పనిమనిషి నూకరత్నానికి ఇచ్చేశాను.

సాయంత్రం కృష్ణని పిలిచి చెప్పేశాను. సర్‌ప్రైజ్ కంటే మనిషి ముఖ్యం. వద్దంటే ఎందుకని అడుగుతుంది వదినగారూ, అన్నాడు. నువ్వే చెప్పు నాయనా, నేను పక్కన కూర్చుంటాను అన్నాను. ఆ మొహం చూడలేనన్నాడు. పెదవికి తగిలించి దించేస్తాను అన్నాడు.

ఆ మాట మీద అతనికే నమ్మకం లేదు. నాకు అసలు లేదు.

5 ఫిబ్రవరి, గురువారం

పొద్దున్న పూజలో తోచింది. వెంకన్నే తోపించాడనుకున్నాను.

ఆ సీసాలకి తిప్పే మూతలు. లోపల ముదురు గోధుమ రంగు. అచ్చం నా అరిష్టం రంగు. ఇదీ తీపే, చివర్న కాస్త ఘాటు. యాజులుగారి ఆయుర్వేదం కొట్లో మూడు సీసాలు కొన్నాను. ఇన్నెందుకమ్మా అన్నారు. చుట్టాలొస్తున్నారన్నాను. అబద్ధం కాదు.

వైన్ దొడ్లో మందార మొదట్లో పోశాను. నూకరత్నం అంట్లు తోముతూ చూసింది. ఏటమ్మగారూ, మందారానికి పండగేటి అంది. ఎరువు అన్నాను. ఇది అబద్ధం.

గరాటు పెట్టి నింపాను.

కృష్ణకి ఫోన్ చేశాను. లోపలిది మార్చేశాను, నేను తాగే మందే పోశాను, భయం లేకుండా తాగు, దాని ముచ్చట తీరనీ అన్నాను. ఏడుస్తున్నాడని తెలిసింది. బతికించారు వదినగారూ అన్నాడు. ఏ మందో అడగలేదు. నేనూ చెప్పలేదు.

8 ఫిబ్రవరి, ఆదివారం, ఉదయం

నిన్నటి సంగతి.

చిన్మయి నాలుగింటికే వచ్చేసింది. నా దగ్గరున్న మా అమ్మ పట్టుచీర అడిగి కట్టుకుంది. డాబా మీద తెల్ల దుప్పటి, మట్టి ప్రమిదల్లో కొవ్వొత్తులు. చాక్లెట్లు మూడు రకాలు, ఆన్‌లైన్లో తెప్పించింది. నాలుగోది తనే చేసింది, మాకవరపాలెం జీడిపప్పు వేసి. బాగా నల్లగా ఉన్నది నూకరత్నం నోట్లో పెట్టింది. ఏటమ్మా ఇది, మాడిపోయిన బెల్లంనాగుంది, డబ్బులిచ్చే కొన్నారా అంది నూకరత్నం. చిన్మయి నవ్వి నవ్వి మెట్ల మీద కూర్చుండిపోయింది.

ఆరింటికి సత్యలక్ష్మి, ఆమె భర్త వీరేంద్ర వచ్చారు. తర్వాత కృష్ణ. చిన్మయి ఒక కార్డు చూసి చదివింది. ముందు వాసన చూడాలి. తర్వాత చిన్న గుటక. నాలిక మీద ఉంచి, అప్పుడు చాక్లెట్ ముక్క. మింగకూడదు, కరగనివ్వాలి. పెళ్ళిలో పురోహితుడు చెప్పినట్టు చెప్పింది.

వీరేంద్రకి ఇవన్నీ తెలుసట. గ్లాసు వెలుగుకి ఎత్తి, ఎండుద్రాక్ష, లవంగం, వెనకాల పాత చెక్క వాసన అన్నాడు. ఫ్రెంచి వాళ్ళు కూడా ఇలా చేయలేరన్నాడు. నేను తల దించుకున్నాను.

కృష్ణ గ్లాసు పట్టుకుని నా వైపు చూశాడు. తల ఊపాను. తాగాడు. ఇంకొకసారి చూశాడు. మళ్ళీ ఊపాను.

మూడో గ్లాసుకి నవ్వాడు. అందరి ముందూ చిన్మయి చెయ్యి పట్టుకున్నాడు. జీడిపప్పు చాక్లెట్ దాని నోటికి అందించాడు. పెళ్ళిచూపుల్లో ఉప్మాలో ఉప్పెక్కువైతే తను ఎలా మింగాడో చెప్పాడు. ఆ కథ చిన్మయికి కూడా తెలియదట. అది మెట్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది. మా ఆయన తిరిగొచ్చాడక్కా అంది.

కిందికి వచ్చి దేవుడి ముందు కూర్చున్నాను. చాలాసేపు.

లేచి మళ్ళీ డాబా మీదికి వెళ్ళినప్పుడు ఒకటి చూశాను. చిన్మయి గ్లాసులో అడుగున మిగిలింది కృష్ణ తన గ్లాసులోకి వంపుకున్నాడు. ప్రేమ అనుకున్నాను.

ఎనిమిదికి మెసేజ్ రాలేదు. సంతోషంలో మరిచాడు.

9 ఫిబ్రవరి, సోమవారం

రాలేదు.

10 ఫిబ్రవరి, మంగళవారం

9.40కి వచ్చింది. నేను రెండుసార్లు అడిగాక.

12 ఫిబ్రవరి, గురువారం

నా సీసా అయిపోయింది. ఆఫీసు నుంచి వస్తూ యాజులుగారి కొట్టుకి వెళ్ళాను. ఆయన నవ్వారు. ఏమ్మా వర్ధనమ్మగారూ, ఇంటిల్లిపాదికీ అజీర్తేనా అన్నారు. మీ మరిదిగారు సోమవారం నాలుగు, నిన్న నాలుగు పట్టుకెళ్ళారు, మీరే పంపారటగా అన్నారు.

నేను పంపలేదు.

ఇందులో మత్తు ఉంటుందా అన్నాను. ఉండకేం తల్లీ, పులియబెట్టే మందు కదా, దాని సారా దానిలోనే పుడుతుంది, అందుకే చెంచా లెక్క చెబుతాం, తాగి మానేసినవాళ్ళు మాత్రం వాసన కూడా చూడకూడదు అన్నారు. సీసా తిప్పి చూపించారు. చిన్న అక్షరాలు. ఐదు నుంచి పది శాతం.

పదకొండేళ్ళుగా నా అలమరలో ఉంది. ఒక్కనాడు తిప్పి చూడలేదు.

ఉపమాకలో అతని చేత ప్రమాణం చేయించిన రాత్రి కూడా రెండు చెంచాలు తాగే పడుకున్నాను.

13 ఫిబ్రవరి, శుక్రవారం

ప్రమాణం తప్పాను.

చిన్మయిని వంటింట్లో కూర్చోబెట్టి అంతా చెప్పాను. పాడేరు, మెట్లు, ఉపమాక, ఆస్పత్రి, గోవింద, మందార చెట్టు, అరిష్టం. ఏదీ దాచలేదు. అది కూర్చున్నదల్లా లేచి నిలబడింది.

తాగుడు గురించి అడగలేదు. ఆ ఇరవై రోజులూ ట్రైనింగ్ కాదా అంది. కాదన్నాను. తోటివాళ్ళకి పంచమని జంతికలు చేసి పంపానే అంది.

ఎంతకీ దాని కళ్ళల్లో నీళ్ళు రాలేదు. కాపురం నాది, కాపలా నీదా అక్కా అంది. మొన్న డాబా మీద నేను మురిసిపోతుంటే చూస్తూ నిలబడ్డావు అంది. తిరిగివ్వడానికి తెచ్చిన అమ్మ పట్టుచీర బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

చీర మడతలో చాక్లెట్ మరక ఉంది. ఉతకలేదు.

14 ఫిబ్రవరి, శనివారం

ఇద్దరూ ఫోన్ ఎత్తలేదు. ఒంటిపూట కూడా తినబుద్ధి కాలేదు.

15 ఫిబ్రవరి, శివరాత్రి

నూకరత్నం చిన్మయి వాళ్ళింట్లోనూ పని చేస్తుంది. అదే చెప్పింది. ఇయాల తెల్లారగానే సిన్మయమ్మ బీరువా ఎనకాల సీసాలన్నీ తీసి బేగి బేగి పారబోసేసిందమ్మా, బాబుగోరు గుమ్మంలో కూకుండిపోనారు, ఒక్క మాటనేదు, పెద్దమ్మగారు ఏటేటని అడుగుతానే ఉన్నారు, ఎంటనే ఇద్దరూ కారెక్కి ఇశాపట్నం ఎల్లిపోనారు అంది. మందారానికేసింది ఎరువు కాదని నాకప్పుడే తెలుసమ్మగారూ, అని కూడా అంది.

బలిఘట్టం శివాలయానికి వెళ్ళాను. జనం. లైన్లో గంటన్నర నిలబడి లింగం ముందుకి వచ్చాక ఏం అడగాలో తెలియలేదు. మందని చెప్పి ఇచ్చాను స్వామీ, అన్నాను. వెనకవాళ్ళు జరగమన్నారు. జరిగాను.

ఇంటికొచ్చి నా సీసా తూములో వంపేశాను. చెంచా తోమి పైన పెట్టాను.

16 ఫిబ్రవరి, సోమవారం

నిద్ర లేదు. కడుపు బాగానే ఉంది. నాలికే అడుగుతోంది. ఇన్నాళ్ళూ కడుపు కోసమనుకున్నాను.

17 ఫిబ్రవరి, మంగళవారం

8.00. నేనే పెట్టాను. గోవింద. కృష్ణకి కాదు, చిన్మయికి.

8.25. నీకు దేనికి, అని అడిగింది. చెప్పాను.

8.40. ఎన్నో రోజు, అంది.

రెండు అన్నాను.

8.41. ఆయనకీ రెండే, అంది.